మర్యాదగా నవ్వితే నేరం కాదట!

సినిమా హాలే లేని చోట సినిమాని నిషేధించారు. కట్టుకథ కాదు. ఇంగ్లండులో నిజంగా జరిగిన పని. తమ పరిధిలో ఒక్క హాలు కూడా లేని కౌన్సిళ్ళు కూర్చుని, చర్చించి, చేతులెత్తి, ఫలానా సినిమా మా ప్రాంతంలో ఆడకూడదని తీర్మానం చేశాయి. చేతులెత్తిన పెద్దమనుషుల్లో కొందరు ఆ సినిమా చూడలేదు. చూడాల్సిన పనిలేదన్నారు.

ఆ సినిమా పేరు 'లైఫ్ ఆఫ్ బ్రయన్'. 1979లో వచ్చింది. బ్రయన్ అనే ఒక మామూలు కుర్రాడి కథ. తీసింది 'మాంటీ పైథాన్' అనే ఆరుగురి హాస్య బృందం. గ్రాహం చాప్‌మన్, జాన్ క్లీస్, ఎరిక్ ఐడిల్ కేంబ్రిడ్జిలో చదివారు. మైకేల్ పేలిన్, టెర్రీ జోన్స్ ఆక్స్‌ఫర్డులో చదివారు. టెర్రీ గిలియం అమెరికా నుంచి వచ్చినవాడు. దర్శకుడు జోన్స్. బ్రయన్ వేషం చాప్‌మన్ వేశాడు. ఆ చదువులు ఎందుకు చెబుతున్నానో గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

ఎక్కడో తెల్లవాళ్ళ దేశంలో నలభై ఏళ్ళ కిందట వచ్చిన హాస్య సినిమా గురించి మనకెందుకు అంటారా? ఎందుకో చెబుతాను. ఈమధ్య ఒక కార్యకర్తల క్లాసులో ఒక తమ్ముడు లేచి, "మనల్నీ మన పెద్దల్నీ వెక్కిరించే సినిమాలన్నిటినీ నిషేధించాలని మనం ఎందుకు డిమాండ్ చెయ్యగూడదు మాస్టారూ, చట్టం ఉందిగా" అన్నాడు. ఇంకో తమ్ముడు, చర్చికి క్రమం తప్పకుండా వెళ్ళేవాడు, ఫోనులో ఈ బ్రయన్ సినిమా ముక్క చూశానని, యేసయ్యని అవమానించారని, ఒళ్ళు మండిందని చెప్పాడు. ముక్కే చూశాడు. పూర్తిగా చూడలేదు. అతని కోపం నిజమైనదే, నేను కాదనను. అయితే ఆ ఇద్దరి మాటలకీ క్లాసులో అయిదు నిమిషాల్లో జవాబు చెప్పలేం. అందుకని రాస్తున్నాను.

ముందు కథ.

యేసు పుట్టిన రాత్రే, పక్క పశువుల పాకలో బ్రయన్ పుడతాడు. తూర్పు దేశపు జ్ఞానులు ముగ్గురూ పొరపాటున ఆ పాకలోకి వచ్చి బంగారం, సాంబ్రాణి, బోళం ఇచ్చేసి, మోకరించి వెళ్ళిపోతారు. బయట అడుగుపెట్టగానే అసలు పాక కనపడుతుంది. వెనక్కొచ్చి, తల్లి చేతుల్లోంచి అవన్నీ లాక్కుపోతారు. ఇది సినిమాలో మొట్టమొదటి సీను. పక్క పాకలో వెలుగు ఉంది, శాంతి ఉంది. అక్కడ ఎవరూ ఎవర్నీ ఎగతాళి చెయ్యరు. కాసేపటికి కొండమీది ప్రసంగం వస్తుంది. అక్కడా యేసు యేసులాగే ఉంటాడు, గౌరవంగా మాట్లాడతాడు. కెమెరా వెనక్కి వెనక్కి జరిగి, జనం చివర నిలబడ్డ వాళ్ళ దగ్గరికి వస్తుంది. వాళ్ళకి మాట సరిగ్గా అందదు. శాంతి చేసేవాళ్ళ గురించి చెప్పింది జున్ను చేసేవాళ్ళ గురించి చెప్పినట్టు వినపడుతుంది. వెంటనే ఒక పెద్దమనిషి భాష్యం మొదలుపెడతాడు. జున్నొక్కటే అని కాదు, పాడి సరుకు తయారుచేసే వాళ్ళందరికీ వర్తిస్తుందన్నమాట అంటాడు. మైకు సరిగ్గా పనిచెయ్యని సభల్లో వెనక కూచున్నవాళ్ళకి ఈ సీను వివరించి చెప్పక్కర్లేదు.

అంటే సినిమా యేసు మీద కాదు. యేసు మాట ఆఖరి వరసకి చేరేసరికి ఏమైందీ అన్న దాని మీద.

బ్రయన్ పెద్దవాడై రోమా రాజ్యం మీద తిరగబడే ఒక సంఘంలో చేరతాడు. సైనికులు తరిమితే, తప్పించుకోవడానికి వీధిలో ప్రవక్తలు నిలబడే చోట దూరి, నోటికొచ్చింది చెబుతాడు. మధ్యలో ఆపేస్తాడు. ఆపేసిన మాటలో ఏదో రహస్యం ఉందని జనం వెంటపడతారు. పరిగెడుతుంటే కాలి చెప్పు జారిపోతుంది. ఇక చూడండి. అది గుర్తు అంటాడొకడు, మనమూ ఒక చెప్పు విప్పి చేత్తో పట్టుకోవాలంటాడు. కాదు, చెప్పులన్నీ పోగుచెయ్యాలంటాడు ఇంకొకడు. చెప్పు వద్దు, ఆయన చేతిలో ఉన్న సొరకాయ బుర్రని అనుసరించండి అంటుంది ఒకావిడ. పద్దెనిమిదేళ్ళుగా మౌన వ్రతంలో గుంటలో కూచున్న ముసలాయన ఒకడుంటాడు. బ్రయన్ ఆయన కాలు తొక్కడంతో నోరు తెరవాల్సి వస్తుంది. ఇతను మెస్సీయ కాదు అని ఆ ముసలాయన అంటే, అవిశ్వాసి అని అతని మీద పడతారు జనం. మతం పుట్టి పది నిమిషాలు కాలేదు. అప్పుడే చీలిక వచ్చింది, అప్పుడే ఒకడికి దెబ్బలు పడ్డాయి.

మర్నాడు పొద్దున కిటికీ తెరిస్తే కింద జనసముద్రం. మీకు మీరే ఆలోచించుకోండి, ఎవరి వెంటా పడొద్దు అని మొత్తుకుంటాడు బ్రయన్. జనమంతా ఒక్క గొంతుతో ఆ మాటనే భజనలాగ తిరిగి చెబుతారు. వాళ్ళమ్మ వచ్చి, వీడు మెస్సీయా లేదు ఏమీ లేదు, ఒట్టి అల్లరి వెధవ, పొండి అని కసురుతుంది.

చివరికి బ్రయన్‌ని శిలువ వేస్తారు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

డబ్బు సంగతి కూడా ఒక ముచ్చటే. పెట్టుబడి పెడతానన్న ఇ.ఎం.ఐ. కంపెనీ, అంతా సిద్ధమై షూటింగుకి బయల్దేరబోయే ముందు, స్క్రిప్టు చదివి భయపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. కంపెనీ పెద్ద లార్డ్ డెల్‌ఫాంట్. అప్పుడు బీటిల్స్ పాటగాడు జార్జి హారిసన్, ఆ సినిమా తనకి చూడాలనుందని, తన ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చాడు. అలా పుట్టిన కంపెనీయే 'హ్యాండ్‌మేడ్ ఫిల్మ్స్'. ట్యునీషియాలో తీశారు. కొద్దిరోజుల ముందే జఫిరెల్లి అనే ఇటలీ దర్శకుడు యేసు జీవితాన్ని భక్తిగా తీసి వదిలేసిన సెట్టింగులే కొన్ని వీళ్ళకి పనికొచ్చాయి. భక్తి సినిమాకి వేసిన గోడలే హాస్య సినిమాకీ గోడలు. గుంపులో కనపడే జనం ట్యునీషియా కూలీలు. పేరున్న వేషాలన్నీ, తల్లి వేషంతో సహా, ఎక్కువభాగం ఆరుగురే పంచుకున్నారు.

ఇక గొడవ. అమెరికాలో ముందు విడుదలైంది, 1979 ఆగస్టులో. అక్కడ మొదట కోపగించింది కొన్ని యూదు మత సంఘాలు, ఆ తర్వాత క్రైస్తవ సంఘాలు. నవంబరులో ఇంగ్లండుకి వచ్చింది. అక్కడ మేరీ వైట్‌హౌస్ అనే రిటైరయిన టీచరమ్మ, 'ఫెస్టివల్ ఆఫ్ లైట్' అనే సంస్థ ముందునుంచే కాచుకుని ఉన్నారు. ఈవిడ మా వృత్తిలోదే. టీవీలో, పత్రికల్లో, నాటకాల్లో ఏది అనైతికమో తేల్చడం ఆవిడ ఉద్యమం. అయితే సినిమాలో యేసుని ఏమీ అనలేదు గనక కేసు పెడితే నిలవదని తెలుసు. అందుకని దారి మార్చారు. మన దగ్గర కేంద్ర సెన్సారు బోర్డు సర్టిఫికెట్ ఇస్తుంది. అక్కడి బోర్డు సినిమా వ్యాపారులే 1912లో పెట్టుకున్నది. హాళ్ళకి లైసెన్సు ఇచ్చే అధికారం చట్టప్రకారం స్థానిక కౌన్సిళ్ళది. బోర్డు పధ్నాలుగేళ్ళు దాటిన వాళ్ళు చూడొచ్చని, ఒక్క ముక్క కొయ్యకుండా సర్టిఫికెట్ ఇచ్చింది. వీళ్ళు కౌన్సిళ్ళ మీద పడ్డారు. కరపత్రాలు, ఉత్తరాలు, ప్రార్థనలు. మొత్తం 39 కౌన్సిళ్ళు అయితే పూర్తిగా నిషేధించాయి, లేకపోతే పద్దెనిమిదేళ్ళు నిండితేనే అన్నాయి. ఐర్లండు దేశం ఎనిమిదేళ్ళు, 1987 దాకా, నిషేధించింది. నార్వే కొన్నాళ్ళు ఆపింది. పక్కనున్న స్వీడన్‌లో, నార్వే వాళ్ళు నిషేధించేంత నవ్వు తెప్పించే సినిమా అని పోస్టర్లు వేసి అమ్ముకున్నారు! నిషేధించిన ఊళ్ళ జనం బస్సు కట్టించుకుని పక్క ఊరికి పోయి చూశారు. ఆ ఏడాది బ్రిటన్‌లో ఎక్కువ డబ్బు చేసిన సినిమాల్లో అది నాలుగోది.

కొన్ని ఊళ్ళలో ఆ నిషేధం ఎవరికీ గుర్తులేకుండా పడి ఉండిపోయింది. స్వాన్సీలో 1997 దాకా, గ్లాస్గోలో 2009 దాకా. ఇంకో తమాషా. వేల్స్‌లో అబరిస్ట్‌విత్ అనే ఊరుంది. సినిమాలో జూడిత్ వేషం వేసిన సూ జోన్స్ డేవిస్ అనే నటి 2008లో ఆ ఊరికి మేయరయింది. మా ఊళ్ళోనూ ఈ సినిమా నిషేధంలోనే ఉందని అక్కడ అందరి నమ్మకం. ఆవిడే దగ్గరుండి 2009లో ఆడించింది.

ఇప్పుడు ఆ టీవీ చర్చ. 1979 నవంబరు 9, బి.బి.సి. ఒక పక్క క్లీస్, పేలిన్. ఇంకోపక్క సదర్క్ బిషప్పు మెర్విన్ స్టాక్‌వుడ్, పేరున్న రచయిత మాల్కం మగ్గరిడ్జ్. ఈ మగ్గరిడ్జ్ మన దేశానికి కొత్తవాడు కాదు. కుర్రతనంలో కేరళలో కాలేజీ పంతులుగా చేశాడు. మదర్ తెరెసాని ప్రపంచానికి చూపించిన 1969 నాటి డాక్యుమెంటరీ ఆయనదే. బిషప్పుగారు ఊదారంగు అంగీ, మెళ్ళో పెద్ద శిలువతో వచ్చారు. ఇద్దరు పెద్దలూ ఆ సినిమాని పిల్లకాయల చౌకబారు పని కింద కొట్టిపారేశారు. చివర్లో బిషప్పుగారు యూదా ఇస్కరియోతుకి ముట్టిన ముప్పై వెండి నాణేల్ని గుర్తుచేసి, మీకూ ముడతాయిలే అన్నట్టుగా ముగించారు. తర్వాత బయటపడ్డ విషయం ఏమిటంటే, ఆ ఇద్దరూ సినిమాకి ఆలస్యంగా వెళ్ళారు. మొదటి పావుగంట చూడలేదు. రెండు పాకలున్నాయనీ, యేసు వేరు బ్రయన్ వేరనీ చెప్పే పావుగంట అదే! అరటి తోటలో దొంగలు పడ్డారని బెండ తోటలో వాణ్ణి కొట్టినట్టు లేదూ? ఒక బిషప్పు, ఒక మహా రచయిత. మా బడిలో ఏడో తరగతి పిల్లాడు పాఠం చదవకుండా జవాబు రాస్తే నేను సున్నా వేస్తాను.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇక్కణ్ణుంచి నవ్వు రాదు.

ఇంగ్లండులో దైవదూషణ నేరం అని ఒక పాత చట్టం ఉండేది. దాని కింద ఎవరెవరు జైలుకి పోయారో చూడండి. 1857లో కార్న్‌వాల్ ప్రాంతంలో థామస్ పూలీ అనే బావులు తవ్వే కూలీ ఉండేవాడు. ఒక గేటు మీద క్రైస్తవ మతం గురించి మోటు మాట ఏదో రాశాడు. ఇరవై ఒక్క నెలల జైలు వేశారు. తీర్పు చెప్పిన జడ్జి కోల్‌రిడ్జ్. సర్కారు తరఫున వాదించిన వకీలు ఆ జడ్జిగారి కొడుకే. జైల్లో పూలీకి మతి చలించింది. పెద్దవాళ్ళు కొందరు గొడవచేస్తే కొన్ని నెలలకి వదిలేశారు. జాన్ స్టువర్ట్ మిల్ తన పుస్తకంలో ఈ కేసుని ప్రస్తావించాడు కాబట్టి ఆ కూలీ సంగతి నా దాకా వచ్చింది.

1883లో జి.డబ్ల్యు. ఫుట్ అనే సంపాదకుడు, 'ఫ్రీథింకర్' అనే చవక పత్రికలో బైబిలు కథల మీద వ్యంగ్య బొమ్మలు వేసినందుకు ఒక ఏడాది జైలు. ఆ సంవత్సరమే ఇంకో విచారణ జరిగింది. జడ్జి ఎవరనుకున్నారు? ఇరవై ఆరేళ్ళ కిందట బావులు తవ్వే కూలీ మీద వాదించిన ఆ కోల్‌రిడ్జ్ కొడుకే. ఇప్పుడు ఆయన ప్రధాన న్యాయమూర్తి. ఆయన ఒక కొత్త సూత్రం చెప్పాడు. మతాన్ని, మతం పునాదుల్ని సైతం విమర్శించొచ్చు, నేరం కాదు, కాకపోతే మర్యాద పాటించాలి.

వినడానికి ఎంత బాగుంది! చాలామంది దాన్ని గొప్ప ఉదారవాదం అంటారు. నేననను. ఆ సూత్రాన్ని తిప్పి చదవండి. ఏం అన్నావన్నది కాదు, ఎట్లా అన్నావన్నది నేరం. కేంబ్రిడ్జిలో చదివిన ప్రొఫెసరు, దేవుడు లేడని మూడొందల పేజీల పుస్తకం లాటిన్ మాటలు కలిపి రాస్తే అది తత్వశాస్త్రం. అదే మాట బావులు తవ్వేవాడు తనకొచ్చిన భాషలో గేటు మీద రాస్తే దూషణ. మర్యాద భాష ఎవరి ఇంట్లో పుడుతుంది? దాన్ని ఎవరు నేర్పుతారు, ఎవరికి నేర్పుతారు? మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. కాలేజీలో నేను లేచి మాట్లాడితే వెనక బెంచీల్లోంచి కిసుక్కుమనేవాళ్ళు. నేను చెప్పింది తప్పు కాదు. చెప్పిన యాస వాళ్ళది కాదు, అంతే. కోల్‌రిడ్జ్ దొర సూత్రం ఎవరి మెడకి చుట్టుకుంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇంగ్లండులోనూ అదే జరిగింది. 1921లో జాన్ విలియం గాట్ అనే బట్టలమ్ముకునే సోషలిస్టు, వీధుల్లో కరపత్రాలు అమ్మేవాడు. యేసు రెండు గాడిదల మీద సర్కస్ బఫూన్‌లాగ యెరూషలేములోకి వచ్చాడని ఒక కరపత్రంలో ఉంది. తొమ్మిది నెలల కఠిన శిక్ష. అప్పటికే జబ్బు మనిషి. విడుదలైన కొద్దికాలానికే చనిపోయాడు. బ్రిటన్‌లో దైవదూషణకి జైలుకెళ్ళిన ఆఖరి మనిషి అతనే. 1977లో 'గే న్యూస్' అనే చిన్న పత్రిక మీద మన వైట్‌హౌస్ టీచరమ్మే ప్రైవేటు కేసు వేసింది. మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళు తమ కోసం నడుపుకునే పత్రిక అది, వాళ్ళని సంఘం మనుషులుగా చూడని రోజుల్లో. క్రీస్తు మీద ఒక పద్యం వేసుకున్నారు. సంపాదకుడికి తొమ్మిది నెలల శిక్ష వేసి అమలు నిలిపారు, జరిమానాలు వేశారు. 1979లో పై కోర్టు కూడా ఖాయం చేసింది. నీ ఉద్దేశం దూషించడం కాకపోయినా ఫరవాలేదు, నేరం నేరమే అంది.

అదే 1979. అంత పదునుపెట్టిన చట్టం చేతిలో ఉన్న సంవత్సరంలోనే బ్రయన్ సినిమా వచ్చింది. ఆరుగురిలో ఒక్కడి మీదా కేసు లేదు, ఒక్కడూ ఒక్కరోజు జైల్లో లేడు. వాళ్ళు జైలుకి పోవాల్సిందని నేననడం లేదు. బావులు తవ్వే కూలీ పోవాల్సింది కాదంటున్నాను. వాళ్ళు యేసు జోలికి పోలేదన్నది ఒక కారణం, ఒప్పుకుంటాను. వాళ్ళకి ఆ జాగ్రత్త తెలుసు. ఎక్కడ నవ్వొచ్చో, ఎంతవరకు నవ్వొచ్చో గీత ఎక్కడుందో తెలిసిన చదువు వాళ్ళది. పూలీకి ఆ గీత ఎవరు చూపించారు?

ఇంకోటి. ఆ చట్టం అందరి దేవుళ్ళకీ కాపలా కాదు. సల్మాన్ రష్దీ నవల మీద కేసు పెట్టాలని 1990లో ముస్లిం పౌరులు కోర్టుకి వెళితే, ఈ చట్టం క్రైస్తవ మతానికి మాత్రమేనని చెప్పి పంపేశారు. అప్పుడు గాని చాలామందికి అది ఎవరి చట్టమో అర్థం కాలేదు. 2008లో ఇంగ్లండు, వేల్స్‌లో దాన్ని రద్దుచేశారు. స్కాట్లండులో 2021లో రద్దు చట్టం వచ్చింది.

దొరలు వాళ్ళింట్లో తీసేసుకున్నారు. మనింట్లో పెట్టింది మాత్రం ఉంది. 1927లో, లాహోర్ కరపత్రం గొడవ తర్వాత, బ్రిటిష్ సర్కారే మన శిక్షాస్మృతిలో 295ఏ సెక్షన్ చేర్చింది. మత భావాల్ని కావాలని గాయపరిస్తే మూడేళ్ళ దాకా జైలు. 2024 జూలై 1 నుంచి కొత్త న్యాయసంహితలో అది 299 సెక్షనయింది. నంబరు మారింది. క్లాసులో లేచిన తమ్ముడు ఉందిగా అన్న చట్టం ఇదే. తమ్ముడూ, దాన్ని వాడమని అడిగే ముందు ఈ ప్రశ్న వేసుకో. ఠాణాలో కాయితం తీసుకునేవాడు ఎవరి భావాలు గాయపడితే పరిగెత్తుకొస్తాడు? మర్యాదగా మాట్లాడలేదని రేపు ఎవరి పాటని, ఎవరి గోడరాతని ఆ సెక్షను కిందకి తోస్తారు?

మన రాష్ట్రంలో సినిమా నిషేధం ముచ్చట కూడా ఒకటుంది. 2006 జూన్‌లో 'డావిన్సీ కోడ్' అనే సినిమాని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. కేంద్ర సెన్సారు బోర్డు సర్టిఫికెట్ ఇచ్చిన సినిమా. క్రైస్తవ, ముస్లిం సంఘాలు కొన్ని అడిగాయి, సర్కారు వెంటనే వరమిచ్చింది. అదే నెలలో హైకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. అడిగితే ఇంత తొందరగా దొరికే వరం ఇదొక్కటే ఎందుకయిందో చర్చి పెద్దలు ఆలోచించాలి. క్రైస్తవులైన దళితులకి ఎస్సీ హోదా ఇమ్మని ఎన్నేళ్ళుగా అడుగుతున్నారు? దానికి వరం రాలేదు గదా.

సరే, సినిమాకి వద్దాం. నిషేధం వద్దన్నంత మాత్రాన దాన్ని నెత్తిన పెట్టుకోమని కాదు. అందులో నచ్చేది ఉంది, నచ్చనిది ఉంది.

బ్రయన్ చేరిన సంఘం పేరు 'యూదయ ప్రజా ఫ్రంటు'. వాళ్ళకి రోమా వాళ్ళకన్నా పెద్ద శత్రువు 'యూదయుల ప్రజా ఫ్రంటు'. ఇంకోటి ఉంది, దాంట్లో ఒక్కడే సభ్యుడు, దూరంగా ఒంటరిగా కూచునుంటాడు. చీలికవాది అని వాణ్ణి తిడతారు. ఒకే రాత్రి ఒకే పని మీద ఈ ఫ్రంటూ, ఇంకో తిరుగుబాటు సంఘమూ పిలాతు కోటలో దూరి, ఎదురుపడి, తమలో తాము కొట్టుకుని పడిపోతారు. కాపలా భటులు నిలబడి చూస్తుంటారు. ఆనాటి బ్రిటన్ వామపక్ష గుంపుల మీద వేసిన చురక అది. మనం ఆ సీనుకి ఎంత గట్టిగా నవ్వుతామో అంత ఇబ్బందిగా కూచుంటాం. పేర్లు చెప్పను. మీ మండలంలో లెటర్ హెడ్లు ఎన్నున్నాయో మీకే తెలుసు. బ్రయన్ శిలువ మీద వేలాడుతుంటే నాయకుడు వస్తాడు. విడిపించడానికి కాదు. త్యాగాన్ని అభినందిస్తూ కమిటీ చేసిన తీర్మానం చదివి, వెళ్ళిపోతాడు. ఒక్కసారి దండలేసి పోయిన శవాలని, ఆ తర్వాత ఏళ్ళ తరబడి కోర్టు మెట్లెక్కిన ఆ ఇంటి ఆడవాళ్ళని తలుచుకుని ఆ సీను చూడండి.

బడిపంతుల్ని గనక నన్ను ఎక్కువ పట్టుకున్నది గోడరాత సీను. రాత్రిపూట బ్రయన్ కోట గోడ మీద, రోమా వాళ్ళు ఇంటికి పొండి అని లాటిన్‌లో రాస్తాడు. శతాధిపతి పట్టుకుంటాడు. చంపుతాడనుకుంటాం. వాడు చెవి మెలేసి వ్యాకరణం అడుగుతాడు! ఇది ఏ విభక్తి, ఆ క్రియ ఏ పురుష? కత్తి మెడకి ఆనించి తప్పులన్నీ దిద్దించి, తెల్లారేలోపు వందసార్లు రాయమని శిక్ష వేసి పోతాడు. తెల్లారేసరికి కోట గోడంతా రాజద్రోహం, ఒక్క అక్షరం తప్పు లేకుండా. శతాధిపతికి మాటలో తిరుగుబాటు కనపడలేదు, తప్పు మాత్రమే కనపడింది. కోల్‌రిడ్జ్ సూత్రం కన్నా లోతైన సంగతి ఈ నవ్వులో ఉంది. పిల్లాడు వ్యాసంలో మా వీధికి నీళ్ళు రావడం లేదని రాస్తే, 'నీళ్ళు'కి వత్తు లేదని ఎర్రసిరా పెట్టి పక్కన పడేసే పంతుళ్ళందరం ఆ సీను చూడాలి.

నచ్చనిది చెబుతాను. రోమా వాళ్ళు మనకేం చేశారని నాయకుడు అడుగుతాడు. ఒకడు కాలవలంటాడు, ఒకడు మరుగుదొడ్లంటాడు, రోడ్లు, వైద్యం, చదువు, సారా, శాంతిభద్రతలు, ఇట్లా జాబితా పెరిగిపోతుంది. నాయకుడు నీళ్ళు నములుతాడు. సినిమాలో అందరికన్నా ఎక్కువ చప్పట్లు కొట్టించుకున్న సీను ఇది. రాసింది ఎవరు? సామ్రాజ్యం చేజారి పాతికేళ్ళయిన దేశపు పెద్ద చదువుల కుర్రాళ్ళు. ఆ నవ్వులో వాళ్ళ నాన్నల ఊరట కలిసి ఉంది. దొర వచ్చాకే మనకి బడి తలుపు కాస్త తెరుచుకుందన్నది అబద్ధం కాదు, దాన్ని నేను దాచను. కానీ ఆ సీనులో ఒక్కడూ అడగని ప్రశ్న ఉంది. ఆ కాలవ తవ్విందెవరు? రోమా రోడ్డుకి రాయి మోసిందెవరు? బానిసలు. జాబితా మొత్తం ఇచ్చినవాడి పేరు మీదే ఉంది, మోసినవాడి పేరు మీద ఒక్కటీ లేదు.

స్టాన్ అని ఫ్రంటులో ఒకడుంటాడు. నేను ఆడదానిగా బతుకుతాను, నన్ను లొరెట్టా అని పిలవండి అంటాడు. దాన్ని పట్టుకుని నవ్విస్తారు. అది కింద ఉన్నవాళ్ళ మీద నవ్వు. మన వీధుల్లో చప్పట్లు కొట్టి అడుక్కునే వాళ్ళని చూసి రౌడీ కుర్రాళ్ళు నవ్వే నవ్వు అదే. నాకు వద్దు. పిలాతుకి నోరు తిరక్క 'ర' పలకదు, జనమంతా కావాలని 'ర' ఉన్న పేర్లే అడిగి అతనితో అనిపించి నేలమీద పడి నవ్వుతారు. ఇది వేరు. నాలుక తిరగని పిల్లాణ్ణి చూసి నవ్వడం కాదు. చంపే అధికారం ఉన్నవాడు బాల్కనీ ఎక్కి మాట్లాడుతుంటే, ఏ ఆయుధమూ లేని జనం నవ్వడం. దాన్ని నేను క్షమిస్తాను.

ఇక శిలువ. క్రైస్తవ సోదరులకి ఎక్కువ నొప్పి కలిగించేది ఇదే. శిలువ మీద వాళ్ళందరూ కలిసి చివర్లో హుషారు పాట పాడతారు. బాధని వెక్కిరించారని మగ్గరిడ్జ్ లాంటి వాళ్ళ అభియోగం. నేను రెండుసార్లు చూశాను. నాకు కనపడింది ఇది. చర్చి గోడమీద ఒక్క శిలువే ఉంటుంది. సినిమాలో కొండనిండా శిలువలే. అది చరిత్ర. రోమా వాళ్ళు శిలువని బానిసలకి, తిరగబడ్డవాళ్ళకి వాడారు. సొంత పౌరులకి సామాన్యంగా వేసేవాళ్ళు కాదు. క్రీస్తుకి పూర్వం 71లో స్పార్టకస్ తిరుగుబాటు అణిచాక, ఆరువేలమంది బానిసల్ని కాపువా నుంచి రోము దాకా రోడ్డు పొడుగునా శిలువ వేశారు. వాళ్ళలో ఒక్కడి పేరూ మనకి తెలియదు. ఆ రోడ్డు గురించే గదా ఇందాక అంత గొప్పగా చెప్పుకున్నారు!

ఒళ్ళు మండిన తమ్ముడికి ఒక మాట. ఫోనులో ముక్కలు చూడొద్దు. సెలవుల్లో మా బడి పక్కన సంఘం గదిలో గోడమీద వేసి చూపిస్తాను. పాస్టరుగారినీ పిలుద్దాం. తెలుగులో లేదు, నేను పక్కన నిలబడి చెబుతాను. ఒక చోట చిన్నపిల్లలు చూడకూడని బట్టల్లేని దృశ్యం ఉంది కాబట్టి పెద్దవాళ్ళే రండి. మొదటి పావుగంటకి ముందే రండి. కాలవల సీను దగ్గరా, తీర్మానం చదివే సీను దగ్గరా ఆపుతాను. ఆపిన చోట మీరే మాట్లాడాలి.